వాత కింద వాపు

నాకు మెడ అంటే భయం. పాములకు గానీ ఎత్తులకు గానీ నేను జంకను. కొండల పక్కన గొర్రెల వెంట తిరిగిన దాన్ని, అవేం భయాలు! కానీ ఎవరైనా ఫోన్ చేసి "పన్ను నొప్పికి దవడ వాచింది డాక్టరమ్మా" అంటే నా నోరు పిడచకట్టుకుపోతుంది. మింగగలుగుతున్నారా, నోట్లో మూడు వేళ్లు పడుతున్నాయా, పడుకుంటే ఊపిరి ఆడుతోందా అని వరసపెట్టి అడుగుతాను. అవతలివాళ్లు "వాపు తగ్గిందిలే అమ్మా" అంటే మరీ హడలిపోతాను. నా దగ్గర పనిచేసే నర్సు దీనికి నవ్వుతుంది. పంటి నొప్పికి ఇంత గాభరా పడే డాక్టరును ఎక్కడా చూడలేదంటుంది. నవ్వితే నవ్వనీ. ఈ భయం నాకు చదువు మొదటి సంవత్సరంలోనే పట్టుకుంది, ఇంతవరకు వదల్లేదు.

మాది గొర్ల ఇల్లు. జడ్చర్ల దాటి లోపలికి పోతే మా ఊరు. రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు పాలమూరు జిల్లాలో ఒక మెడికల్ కాలేజీలో నాకు సీటు వచ్చింది. మా ఇంట్లో పది దాటి చదివిన మొదటి మనిషిని నేనే. మా బాపూ, ఆయన తమ్ముడు మా చిన్నాయినా కలిసి మంద కాసేవాళ్లు. చేలు ఖాళీ అయ్యాక గొర్రెలను తోలుకుని దేవరకొండ వైపు వెళ్లిపోయేవాళ్లు. అక్కడి రైతులు ఎరువు కోసం తమ చేలల్లో మందను ఆపించుకునేవారు. నాలుగైదు నెలలపాటు అన్నదమ్ములు ఇద్దరూ ఇంటి ముఖం చూసేవారు కాదు. అమ్మ ఇంటి దగ్గర ఉండేది. నేను హాస్టల్లో.

కాలేజీలో ఆ ఏడు మాకు తలా మెడా చెప్పారు. మెడ లోపలి పొరలంటే మా క్లాసులో అందరికీ వణుకే. చర్మం, కొవ్వు తీసేశాక మెడ మొత్తాన్ని చుట్టి ఒక పొర ఉంటుంది. లోపల శ్వాసనాళం ముందు ఒకటి, వెన్నెముక ముందు ఒకటి, పక్కన పెద్ద రక్తనాళాలను కలిపి చుట్టిన గొట్టం లాంటిది ఇంకొకటి. వీటి మధ్య మధ్య ఖాళీలు. ఖాళీ అంటే గదిలా ఖాళీ కాదు, రెండు పొరలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, ఏదన్నా దూరితే విడిపోతాయి. బొమ్మ చూసి ఇది బట్టీ పట్టడం ఎవరి తరమూ కాలేదు.

నాకు మాత్రం అది తేలిగ్గా ఎక్కింది. గొర్రెను కోసినప్పుడు బాపు తోలు తీయడం చిన్నప్పటి నుంచి చూసినదాన్ని. కత్తి మొదట్లోనే, ఒక్క గాటుకు. ఆ తర్వాత తోలుకీ కండకీ మధ్య పిడికిలి పెట్టి నెట్టుకుంటూ పోతాడు. తెల్లటి సాలెగూడు లాంటిది పరపరమంటూ విడిపోతుంది, నెత్తురు చుక్క రాదు. "దారి ఉన్నకాడ్నే చెయ్యి పోతది బిడ్డా, లేనికాడ గుంజొద్దు" అనేవాడు. శవం మెడ మీద నా వేలితో పొరలు విడదీస్తే మా మేడం నిలబడి చూసింది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. సిగ్గుపడి ఊరికే అలవాటని చెప్పాను.

ఆ మేడం ఒకటే మాట పదిసార్లు చెప్పేది: "పొరల పేర్లు అప్పజెప్తే పాసవుతారు. చీము ఏ దారిన పోతుందో చెప్పగలిగితేనే మెడ తెలిసినట్టు." గొంతు వెనక ఒక ఖాళీ ఉంది. దానికి పుస్తకంలో పేరే డేంజర్ స్పేస్. పుర్రె అడుగున మొదలై, గుండె వెనకగా దిగి, ఛాతీ కింది దాకా ఎక్కడా తలుపు లేని దారి. చీము అందులో పడితే మనిషి దక్కడం కష్టం.

ఆ వారం పరీక్ష పెట్టారు. ఆదివారం దేవరకొండ వైపు మంద దగ్గర్నుంచి బాపు ఫోన్ చేశాడు.

"పన్ను నొస్తాంది బిడ్డా. దవడ ఇంత లావయ్యింది."

"ఎన్నొద్దులాయె బాపు?"

"మూడొద్దులు. కింది పన్నే, ఆఖరుది."

మెడికల్ షాపులో గోలీలు తెచ్చుకో, ఉప్పునీళ్లు పుక్కిలించు అని చెప్పాను. ఆయన సరేనన్నాడు. "నువ్వు మంచిగ సదువుకో, ఫికర్ జెయ్యకు" అని పెట్టేశాడు. నేను నిజంగానే ఫికర్ చేయలేదు.

మంగళవారం మళ్లీ చేశాడు. అప్పుడు మంచం మీద కాళ్లు ముడుచుకుని చదువుతున్నాను, ఒళ్లో మెడ పొరల బొమ్మ తెరిచి ఉంది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. బొమ్మ ఒళ్లోనే ఉంది.

"దవడ వాపు గుంజుకపోయింది బిడ్డా," అన్నాడు. మాట ఏదో వేడి ముద్ద నోట్లో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు వచ్చింది. సిగ్నల్ సరిగా లేదనుకున్నాను. "గని మింగుతాంటె నొస్తాంది. బుక్క లోపలికి పోతలేదు. రేపు నీ దగ్గరికి దవాఖానకు రమ్మంటవా?"

నాకు విసుగొచ్చింది. ఉన్నమాటే చెబుతున్నాను, విసుగే వచ్చింది. ఎల్లుండి పరీక్ష. ఆయన వస్తే చీటీ రాయించాలి, లైన్లో నిలబడాలి, ఒక రోజంతా పోతుంది.

"వాపు తగ్గిందంటే మంచిదే గద బాపు. మందను తమ్ముని మీద ఇడిసిపెట్టి ఎందుకు వస్తవ్. పరీక్ష అయిపోనీ, ఆదివారం రా, నేనే దగ్గరుండి చూపిస్త."

"గట్లనే బిడ్డా. నీకు తెల్వనిదా" అన్నాడు.

గురువారం పరీక్షలో మేడం ముందు కూర్చున్నాను. బల్ల మీద సగం కోసిన మెడ. ఆమె అడిగిన వాటికి టకటకా చెప్పుకుపోతున్నాను. చివరికి ఆమె, "కింది దవడ ఆఖరి పన్నుకు చీము పట్టింది. ఎటు పోతుంది?" అంది. దవడ కిందికి, అక్కడి నుంచి గొంతు పక్కకు, గొంతు వెనక్కి, ఛాతీలోకి అని వేలితో చూపించాను.

"బాగుంది. అట్లా దిగిపోతుంటే రోగి ఏమని చెప్తాడు?"

"పైన దవడ వాపు తగ్గినట్టు కనిపించొచ్చు మేడం. మింగలేడు. నోరు పూర్తిగా తెరవలేడు. మాట ముద్దముద్దగా..."

అక్కడ ఆగిపోయాను. నేను చెబుతున్నవి పుస్తకంలో మాటలు కావు. మొన్న ఫోన్లో విన్నవి. మేడం "ఊఁ, చెప్పు" అంటోంది. నేను లేచి నిలబడి, మా బాపుకు ఇట్లనే ఉంది మేడం అన్నాను. ఆమె నా మొహం చూసి, బయటికి పోయి ఫోన్ చెయ్యమంది.

చిన్నాయిన ఎత్తాడు.

"బాపుకియ్యి."

"మాట్లాడ్తలేడు బిడ్డా. నోరు తెరుస్తలేడు. పొద్దుగాల్నుంచి సొల్లు కారుతాంది. పండుకోబెడ్తె దమ్ము ఆడ్తలేదు, కూసునే ఉన్నడు. నీకు పరీక్ష ఉన్నదని ఫోన్ చెయ్యొద్దన్నడు."

వెంటనే బండెక్కించమన్నాను. దేవరకొండలోనే ముందు దవాఖానలో చూపించమన్నాను. ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని ఎక్కించాడు గానీ అక్కడ ఆపలేదు. బాపు చెయ్యి ముందుకే ఊపుతున్నాడట, బిడ్డ దగ్గరికే పోదామని.

మూడు గంటలు దవాఖాన గేటు దగ్గర నిలబడ్డాను. అంత భయం నా జన్మలో పడలేదు. అరగంటకోసారి ఫోన్ చేసి ఎక్కడున్నారని అడగడం, కళ్లు మూసుకుంటే బొమ్మలో ఆ దారి కనబడటం. కల్వకుర్తి దాటినం అంటే, ఈపాటికి చీము గొంతు వెనక ఉంటుందనుకున్నాను. జడ్చర్ల వచ్చినం అన్నప్పుడు దాన్ని గుండె దాకా దింపేశాను. చదువు లేకపోతే కనీసం ఇవన్నీ తెలిసేవి కావు, దేవుణ్ని మొక్కుకుంటూ కూర్చునేదాన్ని. అమ్మకు ఫోన్ చెయ్యాలి. చెయ్యలేకపోయాను. ఏమని చెప్పాలి?

ఆటో వచ్చింది. బాపు వెనక ట్రాలీలో మోకాళ్ల మీద చేతులు ఆనించి, గడ్డం ముందుకు చాచి కూర్చున్నాడు. మెడ చుట్టూ తువ్వాల. ఊపిరి పీల్చినప్పుడల్లా ఈల లాంటి చప్పుడు. నన్ను చూసి కళ్లతో నవ్వబోయాడు. దవడ మీద వాపే లేదు, మొహం మామూలుగానే ఉంది. పైన పటారం లోన లొటారం అంటారే, అదీ సంగతి.

లోపల డ్యూటీ డాక్టరు తువ్వాల తీశాడు. మెడ ముందు, దవడకు నాలుగు వేళ్ల కింద, ఈ చెవి వైపు నుంచి ఆ చెవి వైపుకు అడ్డంగా ఒక కాలిన గీత. పక్కులు కట్టి నల్లగా ఉంది.

"ఏమైంది ఇది?"

"పొయ్యి మీద పడ్డడు సార్" అన్నాడు చిన్నాయిన, నేల చూస్తూ. "మంట తగిలింది. గప్పట్నుంచి గిట్లయిండు."

డాక్టరు కాలిన గాయానికి చీము పట్టిందా అని చుట్టూ చూడటం మొదలుపెట్టాడు. చెప్పిన మాటను బట్టే ఎవరైనా అలాగే చూస్తారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. మొదటి సంవత్సరం పిల్లను, ఆ గదిలో నిలబడటానికి కూడా నాకు హక్కు లేదు. నోరు తెరిస్తే బయటికి పొమ్మంటారని భయం. తెరవకపోతే బాపు పోతాడని భయం.

పొయ్యి మీద పడితే గీత అంత తిన్నగా రాదు. అది కొడవలి మొన కాల్చి పెట్టిన వాత. మా వాళ్లలో ఆ పని చిన్నాయినదే, ఆయన చెయ్యి మంచిదని పక్క మందలవాళ్లు కూడా పిలుచుకుపోతారు. గొర్రెకు దవడ కింద నీరు దిగితే వాత పెడతారు. అయితే వాపు మీద కాదు, వాపు ఆగిన చోటికి కింద. అది హద్దు. వాపు ఆ గీత దాటి కిందికి రాకూడదని. ఈ లెక్క పుస్తకంలో లేదు, ఆ గదిలో నాకూ చిన్నాయినకూ బాపుకూ తప్ప ఎవరికీ తెలియదు.

"సార్," అన్నాను, ఆయన తిరగకపోతే ఇంకోసారి అన్నాను. "సార్, అది వాత. మా చిన్నాయిన పెట్టిండు. వాపు ముందు వచ్చింది, కాలింది తర్వాత. వాపు గీతకు పైన ఉండె. కింది ఆఖరి పన్ను నొప్పి, వారమైంది. ఇప్పుడు పైన తగ్గింది. గీతకు కింద చూడండి సార్."

ఆయన నా వైపు ఒక చూపు చూసి, గీత కింద, మెడ అడుగున, రెండు వేళ్లు పెట్టి నొక్కాడు. కిరకిరమంది. కొత్త అటుకుల సంచిని నొక్కినట్టు, నాక్కూడా వినబడింది. చర్మం కింద గాలి చేరింది. డాక్టరు బాపు గడ్డం పట్టుకున్నాడు. నోరు తెరిపించబోతే ఒక వేలు కూడా పట్టలేదు. స్కానుకు పంపమని, గొంతు సర్జన్‌ను పిలవమని కేకేశాడు.

అప్పుడు నా భయమంతా కోపమైంది. అందరి ముందూ చిన్నాయిన మీద పడ్డాను.

"గొర్రె అనుకున్నవా మా బాపును? కాల్చి, మళ్లా అబద్ధం చెప్తవా? ఇంకో పూట డాక్టర్లు ఆ కాలిన గాయమే సూసెటోళ్లు. సంపుకుందామనుకున్నవా?"

నర్సులు, పక్క మంచాలవాళ్లు అందరూ చూస్తున్నారు. నా చిన్నాయిన, నన్ను భుజాల మీద మోసినవాడు, తువ్వాల రెండు చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"గీత దాటదనుకున్న బిడ్డా" అన్నాడు. "పైన తగ్గింది గద, మంచిగనే అయితాందనుకున్న."

నేను ఫోన్లో అన్నదీ అదే. ఆయన కొడవలి పట్టుకుని అన్నాడు, నేను పుస్తకం పట్టుకుని అన్నాను. అయినా ఆ నిమిషంలో నేను తగ్గలేదు. ఇంకో రెండు మాటలు అని, కాగితాల మీద సంతకం పెట్టడానికి వెళ్లాను.

ఆ కాగితంలో మనిషి ప్రాణానికి హామీ లేదని రాసి ఉంటుంది. పడుకోబెడితే ఊపిరి ఆగిపోతుందని, ముందు కూర్చోబెట్టే, మెలకువగా ఉండగానే, గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెడతామని సర్జన్ చెప్పాడు. ఆ తర్వాత మెడ తెరుస్తారు. బాపును తోసుకుపోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి మంటలా కాలుతోంది. తలుపు దగ్గర నేనే విడిపించుకోవాల్సి వచ్చింది.

రెండు గంటలు దాటింది. నేనూ చిన్నాయినా ఒకే బల్ల మీద కూర్చున్నాం, మధ్యలో ఇద్దరు మనుషులు పట్టేంత జాగా వదిలి. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడేదాన్ని. ఒకసారి ఎవరో ఖాళీ స్ట్రెచర్ తీసుకొచ్చారు. అది బాపు కోసమేననుకుని దానికి అడ్డం పోయి నిలబడ్డాను.

సర్జన్ వచ్చి మాస్కు దించాడు. "గొంతు వెనక నిండా చీము. ఛాతీ పైభాగంలోకి దిగింది, అక్కడిదాకా కడిగినం. మంగళవారం నాడు తెచ్చి ఉంటే పన్ను పీకి పంపించెటోళ్లం" అన్నాడు. మంగళవారం అన్నది ఆయన లెక్క కట్టి అన్న మాటే. నాకు మాత్రం నా ఫోన్ సంగతి ఆయనకు ఎవరో చెప్పినట్టే అనిపించింది. బతుకుతాడని ఇంకా చెప్పలేమన్నాడు.

ఆ తర్వాత ఐదు రోజులు జ్వరం కాగితం చూడటానికి భయం, చూడకుండా ఉండటానికి భయం. ఆరో రోజు జ్వరం దిగింది. ఏడో రోజు వార్డులోకి మార్చారు. గొంతులో గొట్టం, మెడకు రెండు వైపులా చీము బయటికి లాగే రబ్బరు గొట్టాలు, వాత గీతను అడ్డంగా కోసుకుంటూ కుట్లు. మాట రాదు. కానీ బతికాడు. ఆ పొద్దున నేను మొదటిసారి కడుపునిండా తిన్నాను.

ఆ రోజే సర్జన్ తన విద్యార్థులను వెంటేసుకుని రౌండుకు వచ్చాడు. ఏడెనిమిది మంది, అందరూ నాకు సీనియర్లు. నేను తెల్ల కోటు వేసుకుని తలాపున నిలబడ్డాను. చిన్నాయిన కాళ్ల దగ్గర ఉన్నాడు. సర్జన్ గొట్టాలు చూశాడు, బాగుందన్నాడు, తర్వాత మంచం అంచు మీద చెయ్యి ఆనించి బాపును అడిగాడు.

"వారం రోజులు ఎందుకు ఆగినవయ్యా? ఇంట్ల డాక్టర్ సదివే బిడ్డ ఉండంగ? నొస్తాందని ఆమెకన్న చెప్పలేదా?"

బాపు నా వైపు చూడలేదు. మెడ నిండా గొట్టాలు ఉన్నాయి, తల కదిలిస్తే ప్రాణం పోయేంత నొప్పి అని నాకు తెలుసు. ఆయన తల అటు ఒకసారి, ఇటు ఒకసారి తిప్పాడు. చెప్పలేదని. కళ్లలోంచి నీళ్లు కారాయి. చెయ్యి ఎత్తి తన గుండె మీద తట్టుకుని, తప్పు నాదేనన్నట్టు వేలు తన వైపే చూపించుకున్నాడు.

చిన్నాయిన తల ఎత్తి నన్ను చూశాడు. మంగళవారం నాడు బాపు ఫోన్ మాట్లాడినప్పుడు ఆయన పక్కనే ఉన్నాడు. నేను చెప్పిన ప్రతి మాటా ఆయనకు తెలుసు. అంతమంది ముందు నేను ఆయన్ను ఎట్లా కడిగానో అదీ గుర్తుండే ఉంటుంది. ఆయన చూపు దించుకుని దుప్పటి సర్దాడు, అంతే.

చెప్పాలనుకున్నాను. "సార్" అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఈ కాలేజీలో ఇంకా నాలుగేళ్లు చదవాలి, ఈ ఎనిమిది మంది రేపు హాస్టల్లో చెప్పుకుంటారు, ఈ సార్ నన్ను ఇంకెప్పుడూ నమ్మడు. ఇవన్నీ ఒక్క క్షణంలో కళ్ల ముందు తిరిగాయి. బాపు పోతాడేమోనని పడ్డ భయం వేరు, ఇది వేరు. ఇది సిగ్గుమాలిన భయం. నేను నోరు మూసుకున్నాను.

"చూశారా," అన్నాడు సర్జన్ విద్యార్థులతో, "ఇంట్లో అడిగే దిక్కున్నా అడగరు." తర్వాత నా వైపు తిరిగి, దస్తూరి బాగుంటుందట కదా, కేసు షీటులో ఇది నువ్వే రాయి అని కాగితాల అట్ట నా చేతికిచ్చాడు. రోగి ఎవరి సలహా తీసుకోకుండా ఆలస్యం చేశాడని ఆయన చెబుతుంటే ఇంగ్లీషులో రాశాను, అక్షరం తప్పు పోకుండా. బాపుకు చదువు రాదు. నేను రాస్తున్నంతసేపూ కళ్లు తుడుచుకోకుండా, మురిసిపోతూ నా చేతినే చూస్తూ ఉన్నాడు.